కెమెరా ఎక్కడ కూర్చుందో చూడు

అమ్మాయీ,

డాక్యుమెంటరీ దర్శకురాలు దీపా ధన్‌రాజ్ సినిమాల మీద నువ్వు రాసిన వ్యాసం చేరింది. రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. "అక్కా, మొహమాటం లేకుండా చెప్పండి, పత్రికకు పంపెయ్యనా?" అని చివర రాశావు. ఇప్పుడే పంపకు. మంచి వ్యాసం ఇందులో ఉంది, ఇంకా పైకి రాలేదు. ఎందుకలా అనిపించిందో ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడవవుతుంది, ఓపిగ్గా చదువు.

మొదటి పేరాలో ఆమెకు తొమ్మిది విశేషణాలు తగిలించావు. ధీర, నిర్భీక, అలుపెరగని, రాజీలేని... లెక్కపెట్టాను. ఒక్కటీ అబద్ధం కాదు. కానీ అవన్నీ చదివాక కూడా ఆమె తీసిన ఒక్క దృశ్యం నా కళ్లముందుకు రాలేదు. ఆ పేరాలో ఆమె పేరు తీసేసి ఇంకో దర్శకురాలి పేరు పెట్టినా ఎవరూ కనిపెట్టలేరు. ఆడవాళ్ల పని గురించి మన పత్రికల్లో ఎప్పుడూ జరిగేది ఇదే. మగ దర్శకుడి గురించి రాసేటప్పుడు షాట్ గురించి, ఎడిటింగ్ గురించి, సౌండ్ గురించి మాట్లాడతాం. ఆడమనిషి దగ్గరికి వచ్చేసరికి ఆమె గుండె ధైర్యం, పడ్డ కష్టాలు, ఎదురీత. ఆమె నలభై ఏళ్లకు పైగా ఒక పనిని సానపడుతూ వచ్చింది. ఆ పనితనం ఏమిటో చెప్పు. ధైర్యం సంగతి చదివేవాళ్లకు అందులోనే తెలిసిపోతుంది.

"యుగాంతర్ బృందం నాలుగు సినిమాలు తీసింది" అని ఒక్క వాక్యంలో దాటేశావు చూడు, నువ్వు ఆగాల్సింది సరిగ్గా అక్కడ. ఎమర్జెన్సీ ఎత్తేసిన మూడేళ్లకు, 1980లో, దీపా ధన్‌రాజ్, ఆభా భయ్యా, మీరా రావు, నవరోజ్ కాంట్రాక్టర్ కలిసి ఆ బృందం పెట్టుకున్నారు. పుణెలో ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు సంఘం కట్టుకుంటుంటే 1981లో 'మోల్కరీన్' తీశారు. 1982లో కర్ణాటక, మహారాష్ట్ర సరిహద్దులోని నిపాణి వెళ్లి పొగాకు ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్లతో ఇంకో సినిమా తీశారు. 1983లో మన హైదరాబాద్‌లో, తెలుగులో, 'ఇది కథ మాత్రమేనా'. చిప్కో ఉద్యమంలో పనిచేసిన ఒక పల్లె మహిళ మీద 'సుదేశ' కూడా ఆ ఏడాదిదే.

నిపాణి సినిమా నిడివి అరగంట లోపే. దానికోసం వాళ్లు అక్కడి ఆడవాళ్లతో నాలుగు నెలలు గడిపారు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి కాసేపు చూడు. అప్పట్లో వాళ్ల చేతిలో ఉన్నది 16 ఎంఎం కెమెరా. 400 అడుగుల రీలు ఎక్కిస్తే సుమారు 11 నిమిషాలు తిరుగుతుంది, అయిపోతుంది. తీసిందంతా లాబ్‌లో కడిగించాలి, ప్రతి అడుగుకూ డబ్బు. అలాంటప్పుడు కెమెరా ఆన్ చేసి "చెప్పమ్మా, నీ కష్టాలేంటి?" అని అడగడం కుదరదు. ముందు కూర్చోవాలి. కూలి ఎంత ఇస్తున్నారు, దుమ్ములో దగ్గు ఎలా పట్టుకుంటుంది, లోపల మగ సూపర్‌వైజర్లు ఏమంటారు, సంఘంలో చేరాలంటే ఇంట్లో ఏం గొడవ, ఇవన్నీ విని విని ఉంటే ఏది తియ్యాలో అప్పుడు తెలుస్తుంది. ఏది తీయాలన్నది ఆ ఆడవాళ్లు కూడా చెప్పారు. ఫ్యాక్టరీ లోపలికి కెమెరా వెళ్లింది. సంఘం కట్టుకున్న తీరును వాళ్లే మళ్లీ నటించి చూపించారు.

నువ్వు దీన్ని "పునర్నటన వల్ల వాస్తవికత కొంత దెబ్బతింది" అని రాశావు. మార్జిన్‌లో పెద్ద ప్రశ్నార్థకం పెట్టాను, చూడు. నీ అభిప్రాయం నువ్వు ఉంచుకో, కానీ ఒకసారి ఇలా ఆలోచించు. తన జీవితంలో జరిగినదాన్ని ఒక ఆడమనిషి కెమెరా ముందు తన ఒంటితో, తన గొంతుతో మళ్లీ చేసి చూపిస్తున్నప్పుడు, అక్కడ ఏది ముఖ్యమో ఎంచుకునేది ఆమె. న్యూస్ కెమెరా ముందు ఆమె ఏడుస్తుంటే ఎంచుకునేది కెమెరా పట్టుకున్నవాడు. నాకు మొదటిదే వాస్తవానికి దగ్గరగా అనిపిస్తుంది. నీకు అనిపించకపోతే ఎందుకో పూర్తిగా రాయి, సగంలో వదలకు.

ఇప్పుడు 'ఇది కథ మాత్రమేనా' దగ్గరికి వద్దాం. దీని మీద నాకు కాస్త ఎక్కువ మమకారం, ముందే చెబుతున్నా. హైదరాబాద్‌లో స్త్రీశక్తి సంఘటన అనే బృందం ఉండేది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల మాటలను పోగుచేసి 'మనకు తెలియని మన చరిత్ర' అనే పుస్తకంగా తెచ్చింది వాళ్లే. వాళ్లు, యుగాంతర్ కలిసి తీసిన చిన్న కథాచిత్రం ఇది. నలుపు తెలుపు. ఇంట్లో భర్త చేసే హింస, దాన్ని ఇంకో స్నేహితురాలితో చెప్పుకోవడం, చెప్పుకోలేకపోవడం. ముందే రాసి పెట్టుకున్న డైలాగులతో తీసింది కాదు. బృందంలోని ఆడవాళ్లు తమ అనుభవాలు మాట్లాడుకుంటూ పెంచుకున్న కథ.

అంతకుముందు పుణెలో, నిపాణిలో డాక్యుమెంటరీ తీసినవాళ్లు ఇక్కడ కథ ఎందుకు ఎంచుకున్నారు? నీ వ్యాసంలో ఈ ప్రశ్నే లేదు. నాకు తోచింది చెబుతాను. ఫ్యాక్టరీలోకి కెమెరా వెళ్లగలదు. పడకగదిలోకి వెళ్లలేదు. పైగా ఒక భార్య కెమెరా ముందు కూర్చుని తన భర్త కొడుతున్నాడని చెబితే, షూటింగ్ అయ్యాక సాయంత్రం ఆమె తిరిగి వెళ్లాల్సింది ఆ ఇంటికే. కాబట్టి ఆమె ముఖం చూపించకుండా ఆమె నిజం చెప్పాలంటే కథ కావాలి. ఆ పేరులోనే ఉంది చూడు, 'కథ మాత్రమేనా' అని. హాల్లో కూర్చున్న ప్రతి ఆడమనిషినీ అడుగుతున్న ప్రశ్న అది. ఐపీసీలో 498ఏ సెక్షన్ వచ్చింది కూడా 1983 చివర్లోనే. భర్త పెట్టే క్రూరత్వానికి చట్టంలో ఒక పేరు పడుతున్న రోజుల్లో, ఆ క్రూరత్వం రోజువారీ జీవితంలో ఎలా ఉంటుందో ఈ సినిమా చూపించింది. గృహహింస చట్టం రావడానికి 2005 దాకా ఆగాల్సి వచ్చింది. ఈ తేదీలు నీ వ్యాసంలోకి రావాలి. ఫుట్‌నోట్‌లా వద్దు, ఆ కాలంలో ఒక పెళ్లయిన ఆడదానికి పోలీస్ స్టేషన్ మెట్లెక్కితే ఈ హింసకంటూ ప్రత్యేకంగా రాసిన కాగితం ఏదీ అండగా లేదన్న విషయం అర్థమయ్యేలా రావాలి.

నా సంగతి ఒకటి చెప్పాలి. ఆ రోజుల్లో నేను ఒక దినపత్రికలో సబ్‌ఎడిటర్‌ని. చేరి ఏడాది కూడా కాలేదు. జిల్లా నుంచి ఒక వార్త వచ్చింది. పెళ్లయిన రెండేళ్లకు ఒక అమ్మాయి కాలి చనిపోయింది. పోలీసులు చెప్పింది మా విలేఖరి రాసి పంపాడు. నేను దాన్ని నాలుగు వాక్యాలకు కుదించి 'స్టవ్ పేలి వివాహిత మృతి' అని హెడ్డింగ్ పెట్టాను. అప్పట్లో ఆ హెడ్డింగ్ వారానికి రెండుసార్లు పెట్టేవాళ్లం, చెయ్యి దానంతటదే రాసేది. పది రోజులకు ఆ అమ్మాయి తల్లి ఆఫీసుకు వచ్చింది. చేతిలో మా పేపర్ ముక్క. చదువు రాదు, ఎవరితోనో చదివించుకుంది. గట్టిగా ఏమీ అనలేదు. "ఆ ఇంట్లో స్టవ్వే లేదమ్మా. కట్టెల పొయ్యి," అంది. అంతే. సవరణ వేద్దామని నేను అడిగితే పాత వార్తకు సవరణేంటి అన్నారు. నేను గట్టిగా పోట్లాడలేదు. కొత్త ఉద్యోగం, భయం. ఆవిడ మెట్లు దిగి వెళ్లిపోవడం కిటికీలోంచి చూశాను.

కొన్ని నెలల తర్వాత ఒక చిన్న హాల్లో 'ఇది కథ మాత్రమేనా' చూశాను. ప్రొజెక్టర్ చప్పుడు మా వెనకే వినిపిస్తోంది. సినిమా అయిపోయాక లైట్లు వేశారు, ఎవరూ లేవలేదు. తర్వాత ఒకావిడ మాట్లాడటం మొదలుపెట్టింది, ఇంకొకావిడ అందుకుంది. నేను నోరు విప్పలేదు. నాలుగు వాక్యాల్లో నేను చంపేసినదాన్ని వీళ్లు ఇరవై అయిదు నిమిషాలు బతికించి చూపించారని మాత్రం అనిపించింది. ఆ రాత్రి నుంచి వార్త రాసేటప్పుడు నా చెయ్యి దానంతటదే రాయడం ఆగిపోయింది. మీడియా గురించి నాకు తెలిసిందంతా ఆ రెండు రోజుల మధ్య నేర్చుకున్నదే.

అందుకే నీ వ్యాసంలో రెండో భాగం, మీడియాలో స్త్రీల చిత్రణ గురించి రాసింది, నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. "మీడియా స్త్రీని వస్తువుగా చూపిస్తోంది" అన్నావు. ఈ వాక్యం నేను కూడా యాభైసార్లు రాసి ఉంటాను. ఇప్పుడు అది ఎవరినీ తాకదు. నువ్వు తెలుగులో రాస్తున్నావు కదా, తెలుగు వార్త ఎలా పనిచేస్తుందో చూపించు. ఏ రోజు పేపరైనా తీసుకో. 'వివాహిత ఆత్మహత్య' అని ఉంటుంది. ఆమె టీచరు కావచ్చు, కూలీ కావచ్చు, కానీ హెడ్డింగ్‌లో ఆమెకు మిగిలేది పెళ్లి ఒక్కటే. 'ఆత్మహత్యకు పాల్పడింది' అని రాస్తారు. పాల్పడటం అనే మాట మనం దేనికి వాడతాం? నేరానికి, దొంగతనానికి, అవినీతికి. చనిపోయినామె మీదే నేరం మోపే క్రియ అది. 'అత్తింటి వేధింపులు తాళలేక' అంటారు, అందులో భర్త ఎక్కడా కనిపించడు, వేధించింది ఇల్లు. 'క్షణికావేశంలో' అంటారు, ఆ క్షణానికి ముందు గడిచిన ఎనిమిదేళ్లు మాయమవుతాయి. 'ప్రేమోన్మాది దాడి' అంటారు, కత్తి పట్టుకున్నవాడికి ప్రేమ ఉందని పేపరే సర్టిఫికెట్ ఇస్తుంది. మేము డెస్క్‌లో కూర్చున్న రోజుల్లో 'మానభంగం' అనే రాసేవాళ్లం. నేరం చేసింది వాడు, భంగమైంది ఈమె మానమట. ఆ మాట పోయి 'అత్యాచారం' రావడానికి ఎంతమంది ఆడవాళ్లు ఎన్ని పత్రికాఫీసులకు ఉత్తరాలు రాశారో నాకు తెలుసు, అందులో నేనూ ఉన్నాను. 'అఘాయిత్యం' మాత్రం ఇంకా వాడుతూనే ఉన్నారు.

ఇలా మాటల వెంట వెళ్లు. 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక ముస్లిం స్త్రీ మీద పోలీసులు సామూహిక అత్యాచారం చేశారు. ఆమె భర్త పోలీసు దెబ్బలకు చనిపోయాడు. నగరం అట్టుడికింది, ప్రభుత్వం విచారణ కమిషన్ వెయ్యాల్సి వచ్చింది. కమిషన్ ముందు పోలీసుల తరఫు వాదన ఆమె నడవడిక మీదే నడిచింది. ఆమె మంచిది కాదని నిరూపిస్తే తాము చేసింది నేరం కాకుండా పోతుందన్నట్టు. మన నగరంలో స్త్రీల ఉద్యమం రాజుకున్నది ఆ నేపథ్యంలో. ఒక ఆడదాని గురించి ఎవరు, ఏ మాటల్లో, ఏ అధికారంతో చెబుతారన్న ప్రశ్న అప్పటి నుంచీ వెంటాడుతూనే ఉంది. యుగాంతర్ సినిమాలు ఆ ప్రశ్నకు పనితో చెప్పిన జవాబు. ఆ లంకె నీ వ్యాసంలో కలిపితే రెండు భాగాలు ఒక్కటవుతాయి. ఇప్పుడవి రెండు వేర్వేరు వ్యాసాల్లా ఉన్నాయి.

'సమ్‌థింగ్ లైక్ ఎ వార్' గురించి నువ్వు రాసిన పేరా మొత్తం కొట్టేశాను, కోపం తెచ్చుకోకు. "ప్రభుత్వ కుటుంబ నియంత్రణ విధానాన్ని ఎండగట్టిన సంచలన చిత్రం" అన్నావు. ఎండగట్టడం, సంచలనం, ఈ రెండు మాటలూ టీవీ చానెళ్లకు వదిలెయ్. 1991లో వచ్చిన ఆ సినిమాలో మనం ఏం చూస్తాం? ఆడవాళ్లకు ఆపరేషన్లు చేసే క్యాంపు. తాను ఎంత వేగంగా, ఎన్ని చేశాడో గర్వంగా చెబుతున్న డాక్టరు. కెమెరా ఆయన్ని తిట్టదు, వెక్కిరించదు. మాట్లాడనిస్తుంది. ఆయన మాటలు, బల్ల మీద ఉన్న ఆడమనిషి ఒళ్లు, ఈ రెండూ ఒకే చోట కనబడటంతో మనకు వెన్ను జలదరిస్తుంది. ఇంకోచోట పల్లె ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని ఆడమనిషి శరీరం బొమ్మ గీసి, నెలసరి గురించి, కోరిక గురించి, పిల్లల గురించి నవ్వుతూ మాట్లాడుకుంటారు. అక్కడ కెమెరా కూడా వాళ్లతో కూర్చున్నట్టే ఉంటుంది. ఒకే శరీరం. క్యాంపులో అది ఇన్ని ఆపరేషన్లు చెయ్యాలన్న టార్గెట్ లెక్క, ఇక్కడ అది ఆమె సొంతం. సినిమా వాదన మొత్తం ఈ రెండు చూపుల మధ్య ఉంది, దాన్ని విడమరిచి రాస్తే నీకు విశేషణాలతో పనే ఉండదు.

దాని వెనక చరిత్ర కూడా నీ పాఠకుడికి కావాలి. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు, ఎక్కువ భాగం మగవాళ్లకు. 1977లో ప్రభుత్వం ఓడిపోయింది. మగవాళ్ల జోలికి వెళ్తే ఓట్లు పోతాయని అర్థమైంది. ఆ తర్వాత భారం మెల్లగా ఆడవాళ్ల మీదికి జరిగింది, లాప్రోస్కోపీ క్యాంపులు, అంటే పొట్ట మీద చిన్న గాటుతో ఆపరేషన్ చేసేవి, వచ్చాయి. మన పక్కనే పటాన్‌చెరులో 1985లో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగం జరుగుతుంటే, అది ప్రయోగమని కూడా ఆడవాళ్లకు చెప్పలేదని బయటపెట్టి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది స్త్రీశక్తి సంఘటన వాళ్లే. టార్గెట్ల పద్ధతిని దేశమంతటా తీసేస్తున్నామని ప్రభుత్వం ప్రకటించింది 1996లో. అయినా 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ దగ్గర ఒక క్యాంపులో కొన్ని గంటల్లో 83 మందికి ఆపరేషన్లు చేశారు. 13 మంది చనిపోయారు. క్యాంపులు ఆపాలని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది. సినిమా వచ్చిన పాతికేళ్లకు. బిలాస్‌పూర్ వార్త వచ్చినప్పుడు టీవీలన్నీ వారం రోజులు 'ఘోరం' అన్నాయి, తర్వాత ఇంకో వార్తలో పడ్డాయి. 1991లోనే ఒకరు అలాంటి క్యాంపులో నిలబడి చూపించారన్న సంగతి ఎంతమంది గుర్తు చేశారు?

హైదరాబాద్ అల్లర్ల మీద తీసిన 'క్యా హువా ఇస్ షహర్ కో' గురించి నువ్వు బాగానే రాశావు. నీ వ్యాసంలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం అదే, ఎక్కువ చెప్పను. ఒక్క చేర్పు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని కూలదోయడం, నాదెండ్ల భాస్కరరావు నెల రోజుల పాలన, మళ్లీ ఎన్టీఆర్ రావడం, ఈ గందరగోళంలోనే పాతబస్తీ రగిలింది. పేపర్లు అప్పుడూ ఇప్పుడూ రాసేది ఒకటే: 'ఒక వర్గానికి, మరో వర్గానికి మధ్య ఘర్షణ'. రెండు పక్షాలూ వాటంతటవే మండినట్టు. 1986లో పూర్తయిన ఈ సినిమా, ఊరేగింపుల్లో, ప్రసంగాల్లో, కర్ఫ్యూ వీధుల్లో తిరిగి, అల్లరిని ఎవరు, ఎలా తయారుచేస్తారో చూపిస్తుంది. కర్ఫ్యూలో కూలి దొరకని ఇంట్లో పొయ్యి వెలగకపోవడం అల్లర్ల వార్తలో ఎప్పుడూ రాదు.

తర్వాతి సినిమాలను నువ్వు వరసగా చెప్పుకుంటూ పోయావు, అంత అవసరం లేదు. రెండింటి దగ్గర మాత్రం నిదానించు. తమిళనాడు ముస్లిం స్త్రీలు, కుటుంబ తగాదాలు తేల్చే మగవాళ్ల జమాత్‌లో తమకు చోటు లేదని, 2004లో సొంతంగా పెట్టుకున్న జమాత్ మీద 2011లో వచ్చిన 'ఇన్వోకింగ్ జస్టిస్'. నువ్వు "అణగారిన ముస్లిం మహిళల కన్నీటి గాథ" అన్నావు. ఆ సినిమాలో ఆడవాళ్లు కేసులు వింటారు, వాదిస్తారు, ఇరుపక్షాలనూ నిలదీస్తారు, తీర్పు చెబుతారు. తీర్పు చెప్పేవాళ్ల దగ్గర నీకు కన్నీళ్లే కనిపించాయంటే అది సినిమా చూసిన కన్ను కాదు, టీవీ అలవాటు చేసిన కన్ను. నాకూ ఉంది ఆ అలవాటు, తోమి తోమి పోగొట్టుకోవాలి. రెండోది 2018 నాటి 'వియ్ హావ్ నాట్ కమ్ హియర్ టు డై'. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణం, ఆ తర్వాత విద్యార్థుల పోరాటం. 1986 తర్వాత 32 ఏళ్లకు ఆమె కెమెరా మళ్లీ ఈ నగరంలో ఒక పెద్ద గాయం దగ్గర నిలబడింది. రోహిత్ కులం ఏమిటని అప్పుడు చానెళ్లు ఎన్ని గంటలు చర్చించాయో నీకు గుర్తుండే ఉంటుంది, నువ్వప్పుడు ఇంటర్ చదువుతున్నావు. చనిపోయిన కుర్రాడి అర్హతను తేల్చే పని మీడియా భుజానికెత్తుకుంది. 1978లో ఆ స్త్రీ నడవడికను తేల్చినట్టే.

ఇప్పుడు నీ మూడో పేజీలో కోట్స్ మధ్య పెట్టిన వాక్యం. మీడియా గురించి దీపా ధన్‌రాజ్ అన్నారని రాశావు. ఎక్కడ అన్నారు? ఏ ఇంటర్వ్యూ, ఏ సంవత్సరం? నీకు తెలియకపోతే తీసెయ్. మాట ఎంత బాగున్నా సరే, ఆమెకు ఎంత నప్పినా సరే. ఒకరు అనని మాటను వాళ్ల నోట్లో పెట్టడం ఎలాంటి పనో, మాట దొరకని ఆడవాళ్లకు మాట దక్కేలా సినిమాలు తీసిన మనిషి గురించి రాస్తున్నప్పుడైనా మనకు తట్టాలి. ఆమె ఇంటర్వ్యూలు ఉన్నాయి, వెతికి చదువు. మీడియా మీద ఆమె అభిప్రాయం ఇదీ అని నువ్వు చెప్పదలుచుకుంటే, సినిమాల నుంచి నువ్వు గ్రహించింది నీ మాటల్లో, నీ పేరు మీద చెప్పు. నేనైతే ఇలా చెబుతాను: న్యూస్ కెమెరా సంఘటన జరిగాక వస్తుంది, బైట్ తీసుకుంటుంది, వెళ్లిపోతుంది. ఆమె సినిమాలు సంఘటనకు ముందూ తర్వాతా ఉండే రోజుల్లో నడుస్తాయి. చానెల్లో సామాన్యురాలు ఏడుస్తుంది, నిపుణుడు వివరిస్తాడు. ఈమె సినిమాల్లో తన బతుకును వివరించేది ఆ సామాన్యురాలే. ఇవి నా మాటలు, తప్పైతే నన్నే తిట్టాలి.

ఇంకో విషయం, ఇది కాస్త సున్నితం. నాలుగు సినిమాలనూ "దీపా ధన్‌రాజ్ సృష్టి" అని రాశావు. యుగాంతర్ అంటే బృందం. కెమెరా పట్టుకున్న నవరోజ్ కాంట్రాక్టర్ ఉన్నారు, మిగతా ఇద్దరు స్త్రీలు ఉన్నారు, నిపాణి ఆడవాళ్లు ఉన్నారు, స్త్రీశక్తి సంఘటన ఉంది. సినిమా విమర్శలో మనకు ఒక్క పేరు కావాలి, ఒక్క ఫొటో కావాలి. సమష్టిగా చేసిన పనిలో ఒక్కరిని ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టడం కూడా మీడియా అలవాటే, స్త్రీవాదులం మనం కూడా అదే చేస్తున్నాం. అందరి పేర్లూ రాయి. పేరు దొరకనిచోట 'ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్లు' అనైనా రాయి. వ్యాసం వేగం తగ్గుతుందని భయపడకు.

భక్తి కూడా తగ్గించు. ఆమె సినిమాల్లో నీకు నచ్చనిది, అర్థం కానిది, ఎక్కడైనా విసుగు పుట్టించినది ఏదో ఒకటి ఉండి తీరుతుంది. రాయి. నలభై ఏళ్ల పనికి మనం ఇవ్వగలిగిన గౌరవం దాన్ని శ్రద్ధగా చూసి వాదన పెట్టుకోవడమే. హారతి ఇస్తే ఆ పని పటం కట్టి గోడకు ఎక్కుతుంది, ఇక ఎవరూ చూడరు.

ఈ పాత సినిమాలు దాదాపు పోయినట్టే ఉండేవి ఒకప్పుడు. ప్రింట్లు పాడైపోతుంటే బెర్లిన్‌లోని ఆర్సెనల్ అనే సంస్థతో కలిసి డిజిటల్ చేశారు కాబట్టి నీ తరానికి అందాయి. ఆ రోజుల్లో ప్రొజెక్టర్ మోసుకెళ్లి సంఘాల దగ్గర, బస్తీల్లో వేసి, సినిమా అయ్యాక కూర్చుని మాట్లాడుకునేవాళ్లు. నువ్వు లాప్‌టాప్‌లో, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఒక్కదానివే చూశావు. వీలైతే ఇంకోసారి నలుగురైదుగురు ఆడవాళ్లతో కలిసి చూడు. సినిమా చదువు లేనివాళ్లు ఉంటే ఇంకా మంచిది. ఏ సీన్ దగ్గర ఎవరు కదిలారో, ఎవరు ఫోన్ తీశారో, అయిపోయాక మొదట ఎవరు నోరు తెరిచారో రాసుకో.

చివరిగా, నాలుగో పేజీ అడుగున నువ్వు రాసి కొట్టేసిన రెండు వాక్యాలు. కొట్టేసినా కనిపిస్తున్నాయి. బొమ్మ గీస్తూ నవ్వుతున్న ఆడవాళ్లను చూస్తే మీ అమ్మమ్మ గుర్తొచ్చిందని, ఆమెకు ఆ ఆపరేషన్ ఎప్పుడు, ఏ క్యాంపులో అయిందో నువ్వు ఎన్నడూ అడగలేదని. ఎందుకు కొట్టేశావు? వ్యక్తిగతమనా? ఈ వ్యాసంలో నువ్వు మాత్రమే రాయగలిగిన వాక్యాలు ఆ రెండే.

అమ్మమ్మ దగ్గరికి వెళ్లు. సెలవు పెట్టుకుని ఒక వారం ఉండేలా వెళ్లు. మొదటి రోజే అడగకు. రికార్డింగ్ ఆన్ చేసి ఫోన్ ముందు పెట్టకు. పని చేసుకుంటూ ఆమె తనంతట తాను చెప్పే రోజు ఒకటి వస్తుంది. రాకపోతే అడుగు, చెప్పనంటే వదిలెయ్. చెబితే, రాసింది ఆమెకు చదివి వినిపించు. ఏది ఉంచమంటే అది ఉంచు, ఏది తీసెయ్యమంటే అది తీసెయ్. అప్పటిదాకా నీ కాగితాలు నా దగ్గరే ఉంటాయి. నిపాణి పేరా పక్కన పెన్సిల్‌తో రాసినవి చెరిపెయ్యను, తిరిగొచ్చాక కలిసి చూద్దాం.

ప్రేమతో,
అక్క